పిలుపుల తిప్ప

పొద్దు వాలాక ఆ తిప్ప వైపు మావాళ్లెవరూ కన్నెత్తి చూడరు. మేతకెళ్లిన గొర్రె అటు తప్పిపోయినా సరే, "పోతే పోయింది వెధవది" అనుకుని ఇంటికొచ్చి తలుపేసుకుంటారు. గొర్రె పోతే ఆ ఏటికి ఉన్ని కాస్త తగ్గుతుంది, అంతే. మనిషి పోతే...

దాని అసలు పేరు రోన్ తిప్ప. ఆ పేరు చెబితే ఇప్పుడు ఎవరికీ తెలియదు. పిలుపుల తిప్ప అంటేనే తెలుస్తుంది. సముద్రం వెనక్కి తగ్గి ఆటు వచ్చినప్పుడు ఒడ్డు నుంచి దానికి ఇసుక దారి ఒకటి తేలుతుంది. పోటు వస్తే ఆ దారి మునిగిపోతుంది. అటు చిక్కుకున్నవాడు మళ్లీ ఆటు వచ్చేదాకా అటే ఉండాలి. తిప్ప మీద చెట్టూ చేమా లేవు. రాళ్లు పేర్చి కట్టిన గుడిసె ఒకటి, బోర్లించిన గంపలా ఉంటుంది. దాని ముందు సిలువ చెక్కిన నిలువు రాయి. ఇంకేం లేదు.

ఆ గుడిసెలో సిల్లాన్ అనే ముని పదహారేళ్లు ఒంటరిగా ఉన్నాడు. అందులోనే కన్నుమూశాడు. ఇప్పటికి ఆరేళ్లు. బతికున్నన్నాళ్లూ ఆయనంత మంచివాడు లేడు. జబ్బు చేసిన గొర్రె మీద చెయ్యేస్తే లేచి నిలబడేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. మరి పోయాక ఆయనకేం పట్టిందో...

పొద్దుగూకే వేళకి ఆ గుడిసెలోంచి గొంతు లేస్తుంది.

"అవతల ఉన్నావా?"

అంతే. తర్వాత సద్దుండదు. ఎవరో జవాబు కోసం చెవి ఒగ్గి కూర్చున్నట్టు ఉంటుంది. ఆ తర్వాత ఒక చిన్న దగ్గు. మళ్లీ అదే మాట — "అవతల ఉన్నావా?"

అవతల అంటే ఏమిటో మావాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. పోయినవాళ్లు ఉండే చోటు. 'ఉన్నాను' అన్నావంటే నీ నోటితో నువ్వే ఒప్పుకున్నట్టు. ఇక తెల్లారితే నీ ఇంట్లో ఏడుపులే. ఒకసారి ఒక పశువుల కాపరి తాగిన మత్తులో ఒడ్డున నిలబడి, "ఆఁ, ఉన్నాలే, ఏం కావాలి?" అన్నాడట. మూడో రోజుకి పోయాడు. వాడు అంతకు ముందు రెండేళ్లుగా జబ్బుతో తీసుకుంటూనే ఉన్నాడు గానీ, ఆ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

ఈ కథ ఆ నోటా ఈ నోటా పడి, తొమ్మిది రోజుల నడక దూరంలో ఉన్న ఒక మఠం దాకా వెళ్లింది. గిన్నెలకి మాట్లు వేసే దేశదిమ్మరి ఒకడు అక్కడ అతిథుల పొయ్యి దగ్గర కూర్చుని చెప్పాడు. విన్నవాళ్లంతా నవ్వారు. ఒక్కడు నవ్వలేదు. అతని చేతిలో గంజి గిన్నె జారి కింద పడింది.

అతని పేరు బేవాన్.

బేవాన్, సిల్లాన్ ఒకే కడుపున పుట్టినవాళ్లు కారు. మా దేశంలో ఏడేళ్లొచ్చిన పిల్లల్ని ఇంకో ఇంటికి పెంపకానికి ఇస్తారు కదా. అలా ఇద్దరూ ఒకే పెంపుడు తల్లి చేతి గంజి తాగి పెరిగారు. సిల్లాన్ రెండేళ్లు పెద్ద. పొయ్యి పొగ పట్టి చిన్నప్పటి నుంచే ఆయనకి ఆ దగ్గు. ఇద్దరూ కలిసే మఠంలో చేరారు.

ఆ మఠంలో రాత్రి ప్రార్థనకి దీపం ఉండదు. ఇవతల ఒక వరస, అవతల ఒక వరస, ఎదురెదురుగా చీకట్లో నిలబడతారు. కీర్తనలో ఒక చరణం వీళ్లు అంటే, తర్వాతి చరణం వాళ్లు అందుకోవాలి. ఎదుటివాడు వచ్చాడో లేదో, వచ్చి నిలబడే కునుకుతున్నాడో కనపడదు. అందుకని మొదలుపెట్టేవాడు ముందు అడుగుతాడు — "అవతల ఉన్నావా?" ఎదుటివాడు చెబుతాడు — "ఉన్నాను, అందుకో." అప్పుడు గానీ కీర్తన మొదలవదు.

సిల్లాన్‌కి ఎదురుగా నిలబడేవాడు బేవాన్.

అందుకే గిన్నె జారింది. ఆ పిలుపు దెయ్యం పిలుపు కాదని... లేదా దెయ్యం పిలుపే అయినా, లోకంలో ఎవరిని పిలుస్తోందో ఆ పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్లలో తెలిసింది అతనొక్కడికే. మర్నాడే కర్ర పట్టుకుని బయల్దేరాడు.

తొమ్మిదో రోజు సాయంత్రం దావ్నత్ ఇంటి ముందు నిలబడ్డాడు. తిప్పకి ఎదురుగా ఒడ్డున ఉన్నది ఆ ఒక్క ఇల్లే. గొర్రెలు ఈనే రోజులు. దావ్నత్ తడి ఆరని గొర్రెపిల్లనొకదాన్ని ఒళ్లో పెట్టుకుని పొయ్యి దగ్గర వెచ్చబెడుతోంది. నలభై దాటిన మనిషి, నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. మజ్జిగా బార్లీ రొట్టే పెట్టాకే మాట మొదలుపెట్టింది.

"ఎందాకా అయ్యగారూ ప్రయాణం?"

"తిప్ప మీదికి."

ఒళ్లో గొర్రెపిల్ల కింద పడినంత పనైంది. "రేపు పొద్దున వెళ్లండి. కావాలంటే నేనే తోడొస్తా."

"పగలు పిలవడటగా."

"పిలవడు గనకే పగలు వెళ్లమంటున్నా! మీకు చెవులున్నాయా, లేక రొట్టెలో పెట్టి నమిలేశారా?"

"పిలిస్తే పలకాలనే వచ్చానమ్మా."

దావ్నత్ అతన్ని పైనుంచి కిందకి చూసింది. నెరిసిన గడ్డం, పగిలిన పాదాలు. పిచ్చివాడిలా మాత్రం లేడు.

"ఆయన మీకేమవుతాడు?"

బేవాన్ రొట్టె ముక్క నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. ఇరవై రెండేళ్లుగా ఈ ప్రశ్న ఎవరడిగినా అతనికి సిగ్గు ముంచుకొస్తుంది.

"ప్రార్థన చేసుకుందామని వచ్చా" అన్నాడు చివరికి.

"మీ ఇష్టం. తెల్లారి దారి తేలగానే వచ్చి చూస్తా." ఆమె లేచి గొర్రెపిల్లని గడ్డిలో పడుకోబెట్టింది. తలుపు దాకా వచ్చి గొంతు తగ్గించింది. "ఒకవేళ... ఏదైనా అయితే, ఎక్కడ పూడ్చమంటారు? ఒడ్డునా, ఆయన పక్కనా?"

"ఆయన పక్కనే."

"మంచి పని. అక్కడ నేల మెత్తన" అంది దావ్నత్.

బేవాన్ ఇసుక దారి దాటేసరికి వెనక నీళ్లు మూసుకుంటున్నాయి. తిప్ప మీద గాలి తప్ప ఇంకేం లేదు. సిలువ రాయి పక్కన రాళ్లు పరిచిన చిన్న దిబ్బ ఉంది. అదే సమాధి అని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. దాని దగ్గరికి వెళ్లడానికి ధైర్యం చాల్లేదు. రాయికి వీపు ఆనించి కూర్చున్నాడు. గుడిసె గుమ్మం నల్లగా నోరు తెరుచుకుని ఎదురుగా ఉంది.

చీకటి పడింది.

ఏమీ వినపడలేదు. బేవాన్‌కి కాస్త ఊపిరి ఆడింది. ఆ మాట్లు వేసేవాడు అబద్ధాలకోరేమో. ఒడ్డు జనానికి పనీపాటా లేదేమో. తొమ్మిది రోజులు నడిచి...

"అవతల ఉన్నావా?"

ఒళ్లు జలదరించింది. తలమీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

అదే గొంతు. బొంగురుగా, మెల్లగా, పక్కవాళ్లు లేస్తారేమో అన్నట్టు. సందేహమే లేదు. అది సిల్లాన్.

బేవాన్ రాయిని ఆనుకునే లేచి నిలబడ్డాడు. గుడిసెలో ఉన్నదెవరో గానీ... ఎదురుచూస్తోంది. ఆ ఎదురుచూపు చెవికి వినపడుతోంది.

దగ్గు. అదే దగ్గు.

"అవతల ఉన్నావా?"

"ఉ... ఉన్నాను" అన్నాడు. సగం గాలి ఎత్తుకుపోయింది. గుండెలు చిక్కబట్టుకుని గట్టిగా అన్నాడు. "ఉన్నాను! అందుకో!"

కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ప్రాణం పోవడమంటే ఎలా ఉంటుందో తెలీదు. చల్లగా ఉంటుందేమో అనుకున్నాడు. చల్లగానే ఉంది, కానీ అది సముద్రపు చలి.

కీర్తన మొదలవలేదు.

దగ్గు. "అవతల ఉన్నావా?"

"ఉన్నానంటున్నాగా అన్నా! నేనే, బేవాన్‌ని. వచ్చాను."

నిశ్శబ్దం. దగ్గు. మళ్లీ అదే ప్రశ్న.

ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. నిలబడి చెప్పాడు. మోకాళ్ల మీద పడి చెప్పాడు. విని కూడా విననట్టే ఉంది ఆ గొంతు. అప్పుడు అతనికి అర్థమైంది, లేదా అర్థమైందనుకున్నాడు. ఈ జవాబు సరిపోదు. ఇరవై రెండేళ్ల కింద ఇవ్వాల్సిన జవాబు ఇప్పుడిస్తే ఎవడు తీసుకుంటాడు?

"సరే. చెబుతా. విను" అన్నాడు చీకటితో.

ఇరవై రెండేళ్ల కిందటి ఆ రాత్రి సంగతి అతను అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మఠాధిపతికి కూడా చెప్పలేదు. ఇద్దరూ కలిసి వెళ్లిపోదామనుకున్నారు. తోలు పడవ ఒకటి దొరికింది. తెడ్లు వద్దు, గాలి ఎటు తీసుకుపోతే అటు, మనిషన్నవాడు లేని చోట ఇద్దరమే ఉందాం, ఇవతల నేను, అవతల నువ్వు అన్నాడు సిల్లాన్. బేవాన్ సరేనన్నాడు. చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు. తెల్లవారుజామున సిల్లాన్ వచ్చి అతను పడుకున్న గది తలుపు పక్కన నిలబడ్డాడు. లోపల ఇంకా పదిమంది నిద్రపోతున్నారు. గొంతు తగ్గించి పిలిచాడు.

అవతల ఉన్నావా?

"నాకు వినపడింది అన్నా" అన్నాడు బేవాన్. "మొదటిసారే వినపడింది. కళ్లు తెరిచే ఉన్నాను. బయట వాన. కంబళి వెచ్చగా ఉంది. సముద్రం గుర్తొచ్చి భయమేసింది. ఒక్క క్షణం ఆగి పలుకుదామనుకున్నా. నువ్వు మళ్లీ పిలిచావు. ఇంకో క్షణం అనుకున్నా. మూడోసారి పిలిచావు. నీ అడుగుల చప్పుడు దూరంగా పోతుంటే... హమ్మయ్య అనుకున్నాను. అవును, హమ్మయ్య అనుకున్నా! నీతోపాటు పెరిగినవాణ్ణి, నేను!"

గొంతు పగిలేలా ఏడ్చాడు. "క్షమించానని ఒక్క మాట అను. తర్వాత నన్ను తీసుకుపో, ఏమన్నా చేసుకో."

గుడిసె విన్నది.

తర్వాత — దగ్గు. "అవతల ఉన్నావా?"

బేవాన్‌కి ఒళ్లు మండుకొచ్చింది. భయం ఎటు పోయిందో పోయింది. లేచి విసవిసా గుమ్మం దగ్గరికి వెళ్లాడు. అతను దగ్గరికి రాగానే గొంతు ఆగిపోయింది. లోపల ఏదో కదిలి... బిగుసుకుపోయింది. ఊపిరి బిగబట్టినట్టు.

"అన్నా?"

చెయ్యి లోపలికి చాచాడు. గోడ రాళ్లు తగిలాయి. ఇంకాస్త చాచాడు.

చల్లగా, గట్టిగా ఏదో అతని వేలు పట్టుకుంది. పట్టుకుని... లాగింది!

పైప్రాణాలు పైనే పోయాయి. కేక కూడా సగమే వచ్చింది. చెయ్యి లాక్కుని, తూలుకుంటూ, పడుతూ లేస్తూ వచ్చి సిలువ రాయిని కావలించుకున్నాడు. వేలి మీంచి రక్తం కారుతోంది. చచ్చినవాడి గోరు దిగిందనుకున్నాడు. మిగతా రాత్రంతా గొంతు అడుగుతూనే ఉంది. బేవాన్ రాయికి నుదురు ఆనించి, "ఉన్నాను... ఉన్నాను..." అని గొణుగుతూనే ఉన్నాడు. చివరికి ఏది ప్రశ్నో ఏది జవాబో అతనికే తెలియకుండా పోయింది.

తూర్పున బూడిద రంగు వెలుగొచ్చింది.

వెలుగులో మొదట గుడిసె కనపడింది. తర్వాత గుమ్మం. తర్వాత గుమ్మంలోంచి నింపాదిగా, ఇంటి పెద్దలా నడుచుకుంటూ బయటికొచ్చిన ఒక ముసలి బొంతకాకి కనపడింది.

అది ఒక రాయెక్కింది. రెక్కలు దులుపుకుంది. బేవాన్ వంక ఒక కన్నుతో చూసింది.

"అవతల ఉన్నావా?" అంది.

బేవాన్ దాన్నే చూస్తూ ఉండిపోయాడు. కాకి ఆగింది. ముక్కు కొంచెం తెరిచి దగ్గింది.

అతనికి నవ్వొచ్చింది. నవ్వి నవ్వి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రాత్రంతా కాకి కాళ్ల మీద పడ్డాడు! కాకిని క్షమించమని అడిగాడు! ఆ నవ్వు అలా అలా పోయి, ఎక్కడో మధ్యలో ఆగిపోయింది.

కాకి ఒక్కసారి విన్న మాట నేర్చుకోదు. వందసార్లు, వేయిసార్లు వినాలి. మాట నేర్చుకుంది, దగ్గు నేర్చుకుంది. ఆ రెంటి మధ్య ఎంతసేపు ఆగాలో కూడా నేర్చుకుంది. అంటే ఆయన ప్రతి రాత్రీ అడిగాడు. అడిగి, అంతసేపు ఆగాడు. ఎదురుగా ఎవరూ లేరని తెలిసీ ఆగాడు.

"అయ్యగారూ!" ఇసుక దారి మధ్యలోంచి కేక. దావ్నత్ చేతిలో పార ఉంది. "బతికున్నారా? బతికుంటే అరవండి! పోయుంటే మాత్రం దయచేసి నోరెత్తకండి!"

"బతికే ఉన్నానమ్మా. రా. కాకి ఇది."

ఆమె అడుగులో అడుగేసుకుంటూ వచ్చింది. కాకి ఆమె ఎదురుగానే ఇంకోసారి అడిగింది. దావ్నత్ పార కింద పడేసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఓసి నీ దుంపతెగ! ఆయన భుజం మీద తిరిగే పెంపుడు కాకివి కదూ నువ్వు? నీ మూలంగానా ఆరేళ్లు మేం సాయంత్రమైతే తలుపులేసుకున్నది? నీ మూలంగా నాలుగు గొర్రెలు వదులుకున్నా తెలుసా!" కాకిని తిట్టి తిట్టి అలిసిపోయి బేవాన్ వైపు తిరిగింది. అతని కళ్లు చూసి ఆగింది. "ఏంటయ్యగారూ, కాకి అని తేలిపోయిందిగా. ఇంకా ఎందుకు ఏడుస్తున్నారు?"

"సిల్లాన్ మా అన్న. ఒకే ఇంట్లో పెరిగాం. నా పేరు బేవాన్."

దావ్నత్ నోరు తెరిచింది. తర్వాత ఫక్కున నవ్వింది.

"అయ్యో నా తండ్రీ! మీరేనా ఆ మొద్దునిద్ర తమ్ముడు!"

బేవాన్ తలెత్తి ఆమె వంక చూశాడు.

"ఆయన చెప్పేవాడు. పాలు నేనే తెచ్చేదాన్ని, ఆ రాయి దాకా. మీకు నా అన్నవాళ్లెవరూ లేరా అని అడిగా ఒకసారి. ఉన్నాడు, తమ్ముడు, నాతో రావాల్సినవాడే అన్నాడు. వాడిది మొద్దునిద్ర, చిన్నప్పుడు నీళ్లు పోసినా లేచేవాడు కాదు అని ఎంత నవ్వాడో! తర్వాతేమో మొహం చిన్నబుచ్చుకున్నాడు. 'తప్పు నాదే దావ్నత్, మూడుసార్లే పిలిచి వచ్చేశాను. పాపం లేచి చూసుకుని ఎంత ఏడ్చుంటాడో. ఇంకొక్కసారి పిలవాల్సింది' అన్నాడు. పోయేరోజు కూడా అదే మాట. ఇంకొక్కసారి పిలవాల్సిందని."

బేవాన్ మెల్లగా నేల మీద కూర్చుండిపోయాడు. క్షమించమని అడగడానికి వచ్చాడు. అవతలివాడి లెక్కలో క్షమించడానికి తప్పే లేదు.

"నిద్ర కాదమ్మా" అన్నాడు. "ఆ రాత్రి నేను మేలుకునే ఉన్నాను."

దావ్నత్ నవ్వు ఆగింది. పార తీసుకుంది. వెనక ఇసుక మీదికి నీళ్లు పాకుతున్నాయి.

"పోటు వస్తోంది. రండి, దారి మునిగిపోతుంది."

"నువ్వు వెళ్లు."

"ఇక్కడ ఏం తింటారు? ఎక్కడ పడుకుంటారు?"

అతను గుడిసె వైపు తిరిగాడు. ఆమె కాసేపు చూసి, "సాయంత్రం పాలు తెస్తా, ఆ రాయి దగ్గర పెడతా" అని దారిలోకి దిగింది.

కాకి తల వాల్చింది. "అవతల ఉన్నావా?"

బేవాన్ లేచాడు. గుడిసె గుమ్మానికి ఎదురుగా, అవతలి వరసలోవాడు నిలబడే చోట నిలబడ్డాడు.

"ఉన్నాను అన్నా. మేలుకునే ఉన్నాను. అందుకో."

కాకి దగ్గింది. మళ్లీ అడిగింది. అతను మళ్లీ చెప్పాడు. దావ్నత్ మోకాటి లోతు నీళ్లలో ఒడ్డు చేరేదాకా ఆ రెండు గొంతులూ ఆమెకి వినపడుతూనే ఉన్నాయి.